నెత్తురు తనంతట తాను గడ్డకడితే

పిల్లలూ,

కిందటి నెలలో మనం వేలు తెగినప్పుడు నెత్తురు ఎలా గడ్డకడుతుందో చెప్పుకున్నాం. గడ్డకట్టడం మనకు మేలు చేసే గుణమనీ, అది లేకపోతే చిన్న గాయమైనా ప్రాణం మీదికి వస్తుందనీ రాశాను. ఆ పేజీ చదివిన ఒక అమ్మాయి ఒక ఆదివారం నాడు మా ఇంటికి వచ్చింది. మా ఏర్పేడు పిల్లే. ఎనిమిదో తరగతి చదువుతున్నది. ఒక చేతిలో పత్రిక ఉంది, ఇంకో చేతిలో పెద్ద కవరు ఉంది.

"అయ్యవారూ, నెత్తురు గడ్డకట్టడం మంచిదని మీరు రాశారు కదా. మా అవ్వ తలలో ఒక నెత్తురు గొట్టం బుడగలాగా ఉబ్బిందంట. ఆ బుడగలో నెత్తురు తనంతట తానే గడ్డకట్టిందంట. అది మంచిదా, చెడ్డదా?" అని అడిగింది.

సంగతి ఏమిటంటే, కొన్ని నెలలుగా అవ్వకు ఒక కంటి రెప్ప వాలిపోతున్నది. ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నాడు. తిరుపతిలో ఆసుపత్రికి పోతే తలకు ఫిలిములు తీశారు. మళ్ళీ రమ్మని తేదీ వేసి పంపారు. గడ్డకట్టిన మాట విన్నప్పటి నుంచీ అవ్వ ఇల్లు కదలనంటున్నది.

"దేవుడే గడ్డ కట్టిచ్చి ఆ బుడగను మూసేసినాడు గదా! మళ్ళా ఆసుపత్రికి పొయ్యేదెందుకు? దుడ్లు దండగ" అన్నదట. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఎటూ తేల్చుకోలేకుండా ఉన్నారు.

నేను వైద్యుణ్ణి కాను, బడిపంతులును. "మీ అవ్వ సంగతి తేల్చవలసింది డాక్టర్లు. ముందు ఆ తేదీ తప్పిపోకుండా చూడండి" అని చెప్పాను. కాని ఆ అమ్మాయి అడిగినది మంచి ప్రశ్న. దానికి ఒక్క మాటలో జవాబు లేదు. అందుకని ఆ అమ్మాయికి చెప్పినదంతా ఈ నెల మీకూ చెబుతాను. మీ ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి.

ముందుగా మెదడుకు నెత్తురు ఎలా వెళుతుందో చూద్దాం.

మన ఒంటి బరువులో మెదడు బరువు నూటికి రెండు వంతులు మాత్రమే. కాని గుండె పంపే నెత్తురులో నూటికి పదిహేను వంతులు మెదడుకే పోతుంది. పెద్దవాళ్ళలో అది నిమిషానికి సుమారు ముప్పావు లీటరు. ఇంత నెత్తురునూ నాలుగు ధమనులు పైకి మోసుకుపోతాయి. రెండు మెడకు ముందువైపున ఉంటాయి. రెండు వెనకవైపున వెన్నుపూసల గుండా పోతాయి. మెదడు అడుగున ఈ నాలుగూ కలిసి ఉంగరంలాగా ఏర్పడతాయి. ఆ ఉంగరం నుంచి కొమ్మలు బయలుదేరి మెదడంతా పాకుతాయి.

ఈ ఉంగరానికి విల్లిస్ వలయమని పేరు. థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1664లో అచ్చు వేసిన పుస్తకంలో దీన్ని చక్కగా వర్ణించాడు. ఆ పుస్తకానికి బొమ్మలు గీసిన వారిలో క్రిస్టఫర్ రెన్ ఒకడు. లండనులో సెయింట్ పాల్ చర్చికి నమూనా తయారుచేసిన రెన్ ఆయనే!

ధమనులు కొమ్మలుగా చీలే చోట గోడకు నెత్తురు దెబ్బ ఎక్కువగా తగులుతుంది. కొందరికి అక్కడ గోడ పలచబడుతుంది. మీరు సైకిలు షాపులో చూసే ఉంటారు. పాత ట్యూబు ఒకచోట పలచబడితే, గాలి కొట్టినప్పుడు అక్కడ మాత్రం బుడిపె లేస్తుంది. తలలో ధమనికి కూడా అలాగే బుడిపె లేస్తుంది. దీన్ని డాక్టర్లు అన్యూరిజం అంటారు. మనం సులువుగా 'నెత్తురు బుడగ' అందాం.

భయపడకండి! నూరుమంది పెద్దవాళ్ళ తలలను పరీక్షిస్తే సుమారు ముగ్గురికి ఇలాంటి బుడగ కనిపిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం బఠాణీ గింజంత, ఇంకా చిన్నవి. చాలావరకు అవి జీవితాంతం పగలకుండా ఉండిపోతాయి. ఆ సంగతి ఆ మనిషికి తెలియనే తెలియదు. పిల్లల్లో ఇవి చాలా అరుదు. రక్తపు పోటు ఎక్కువగా ఉండటం, బీడీ సిగరెట్లు తాగటం బుడగకు చెరుపు చేస్తాయి. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి ఉంటే మిగతావాళ్ళు డాక్టరును అడగటం మంచిది.

కొన్ని బుడగలు మాత్రం పెరిగి పెరిగి పెద్దవవుతాయి. అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం, దాటినవాటిని అతి పెద్దవి అంటారు. అంటే తలలో ఉసిరికాయంత బుడగ అన్నమాట! నూరు బుడగల్లో ఇలాంటివి సుమారు అయిదు. తనంతట తాను గడ్డకట్టడం ముఖ్యంగా ఇలాంటి పెద్ద బుడగల్లోనే చూస్తాం. చిన్నవాటిలో అంతగా జరగనిది పెద్దవాటిలో ఎందుకు జరుగుతుంది? ఇక్కడ మన స్వర్ణముఖి సాయం తీసుకుందాం.

మా ఏర్పేడు మండలంలో గుడిమల్లం అనే ఊరుంది. పరశురామేశ్వరుడి పాత గుడి ఉన్న ఊరు. అది స్వర్ణముఖి ఒడ్డునే ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ ఏటిలో ఇసుకే కనిపిస్తుంది. కార్తీక మాసపు వానలకు నీళ్ళు వస్తాయి. 2021 నవంబరులో ఎలా పొంగిందో పెద్దవాళ్ళకు బాగా గుర్తు. ఏరు పారేటప్పుడు నడిమి పాయను చూడండి. నీరు వడిగా పోతుంది. అక్కడ ఒండు నిలవదు. ఒడ్డు తెగి పక్కన మడుగు పడిన చోట చూడండి. మడుగు పెద్దదై, దాని నోరు ఇరుకుగా ఉంటే లోపలికి పోయిన నీరు మెల్లగా సుడి తిరుగుతూ అక్కడే ఉంటుంది. నాలుగు రోజులకు అంచుల వెంట ఒండు పేరుకుంటుంది. కొన్నాళ్ళకు మడుగు సగం పూడిపోతుంది.

నెత్తురు బుడగ కూడా అలాంటి మడుగే. ధమని నడిమి పాయ. బుడగ పక్కనున్న మడుగు. బుడగ మెడ మడుగు నోరు. అయితే ఒక తేడా మరవకండి. ఒండు తన బరువు వల్ల అడుగున పేరుకుంటుంది. నెత్తురు గడ్డకట్టడం బరువు వల్ల కాదు, రసాయనిక మార్పు వల్ల. కిందటి నెల చెప్పుకున్న ఫైబ్రిన్ అనే సన్నని దారాలు వలలాగా అల్లుకుని కణాలను పట్టుకుంటాయి. నెత్తురు నడక మందగిస్తే ఆ దారాలు అల్లుకోవటానికి వ్యవధి దొరుకుతుంది. పోలిక అంతవరకే.

ఇప్పుడు చిన్న లెక్క. బుడగ గుండ్రంగా ఉన్నదనుకోండి. దాని అడ్డుకొలత 5 మిల్లీమీటర్ల నుంచి 10 మిల్లీమీటర్లయితే లోపలి చోటు ఎంత పెరుగుతుంది? రెండింతలు అంటారేమో. కాదు, రెండును మూడుసార్లు హెచ్చవేయాలి. ఎనిమిదింతలు! మరి 25 మిల్లీమీటర్లయితే? అడ్డుకొలత అయిదింతలయింది కనుక అయిదును మూడుసార్లు హెచ్చవేయండి. 125 ఇంతలు! బుడగ మెడ మాత్రం అంతగా పెరగకపోవచ్చు. అంతే ఇరుకైన నోటి గుండా వచ్చే నెత్తురు, 125 ఇంతల చోటును కడిగిపోవాలి. ఎలా కడగగలదు? మూలలో ఉన్న నెత్తురు కదలకుండా నిలిచిపోతుంది.

1960లో అమెరికాలో బ్లాక్, జర్మన్ అనే ఇద్దరు వైద్యులు కుక్కల ధమనులకు కృత్రిమంగా బుడగలు కుట్టి ఈ సంగతినే పరిశీలించారు. బుడగ లోపలి చోటుకూ, దాని నోటికీ ఉన్న నిష్పత్తిని బట్టి అది గడ్డకట్టడం ఆధారపడి ఉన్నదని చూశారు. నిష్పత్తులు ఎక్కడ పనికివస్తాయి అని బడిలో మీరు అడుగుతూ ఉంటారు కదూ!

ఇంకా వెనక్కి పోతే జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో కనిపిస్తాడు. ఆయన 1821లో పుట్టి 1902లో పోయాడు. నెత్తురు గొట్టంలోనే నెత్తురు గడ్డకట్టడానికి మూడు కారణాలను ఆయన పేరు మీద నేటికీ పాఠాల్లో చెబుతారు. ఒకటి, నెత్తురు నడక మందగించటం. రెండు, గొట్టం లోపలి పొర చెడిపోవటం. మూడు, నెత్తురులోనే గడ్డకట్టే గుణం పెరగటం. పెద్ద బుడగలో మొదటి రెండూ ఉన్నాయి. నడకా మందమే, పలచబడి సాగిన గోడ లోపలి పొరా చెడినదే. కాబట్టి అతి పెద్ద బుడగల్లో సగం, అంతకు ఎక్కువ వాటిలోనే ఎంతో కొంత గడ్డ కనిపిస్తుందంటే ఆశ్చర్యం లేదు.

మరి ఇలా గడ్డకట్టి బుడగ పూర్తిగా మూసుకుపోవటం నిజంగా జరుగుతుందా? జరుగుతుంది. 1875లో లండను వైద్యుడు జొనాథన్ హచిన్‌సన్ ఒక రోగి కథను ప్రకటించాడు. కపాలం లోపల ధమనికి బుడగ ఉన్నదని ఆ రోగి చనిపోవడానికి పదకొండేళ్ళ ముందే ఆయన గుర్తుపట్టాడు. అప్పటికి ఎక్స్‌రేలే లేవు! రాంట్‌గెన్ ఎక్స్ కిరణాలను కనిపెట్టింది 1895లో. హచిన్‌సన్ కేవలం లక్షణాలను చూసి చెప్పాడు. ఆ బుడగకు శస్త్రచికిత్స జరగలేదు. అది తనంతట తానే నయమయింది.

"చూశారా, మా అవ్వ చెప్పిందే నిజం!" అన్నది ఆ అమ్మాయి ఇక్కడిదాకా వినగానే.

తొందరపడవద్దు. పదకొండేళ్ళు బతికిన ఆ ఒక్క రోగి కథ చెప్పాను. ఆ దారిలో పోనివాళ్ళ కథ కూడా వినాలి. పూర్తిగా మూసుకుపోయేవాటి కన్నా సగం సగంగా గడ్డకట్టేవే ఎక్కువ. సగం పూడిన మడుగును పూడిన మడుగు అనుకుంటే ఏం జరుగుతుందో చెబుతాను, వినండి.

మొదటిది. గడ్డలో నుంచి చిన్న ముక్క విడిపోవచ్చు. అది ధమనిలో పడి, నెత్తురుతోపాటు ముందుకు పోయి, ఒక సన్నని కొమ్మకు అడ్డుపడుతుంది. నెత్తురు అందని మెదడు భాగం చెడిపోతుంది. చేయి, కాలు పడిపోవచ్చు. మాట పోవచ్చు. దీన్నే పక్షవాతం అంటాం. గడ్డ ముక్కలు ఒకచోటి నుంచి ఇంకొకచోటికి ప్రయాణం చేస్తాయని రుజువు చేసినది కూడా ఆ విర్కోనే.

రెండవది. గడ్డ బుడగ మెడ దాటి అసలు ధమనిలోకి పెరగవచ్చు. మడుగును పూడ్చవలసిన ఒండు ఏటినే పూడ్చినట్టు!

మూడవది. గడ్డ కరగవచ్చు. మన నెత్తురులో గడ్డకట్టించే పదార్థాలు ఉన్నట్టే, గడ్డను కరిగించే ప్లాస్మిన్ అనే పదార్థం కూడా ఉంది. వేలికి గాయం మానిన తరువాత ఆ గడ్డతో పని ఉండదు, అప్పుడు దాన్ని తీసివేయటం ప్లాస్మిన్ పని. అది బుడగలో గడ్డ మీద కూడా పనిచేస్తుంది. మూసుకున్న బుడగ తిరిగి తెరుచుకున్న సందర్భాలు ఉన్నాయి.

నాలుగవది చాలామంది ఊహించనిది. గడ్డకట్టిన బుడగ కూడా పెరగవచ్చు! అందులో గడ్డ ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా ఉంటుంది. పాతపొర గోడవైపు, కొత్తపొర నెత్తురువైపు. బుడగ గోడలో సన్నని నెత్తురు గొట్టాలు పుట్టుకొస్తాయి. అవి చిట్లి గోడలోనే నెత్తురు చేరితే బుడగ ఇంకా ఉబ్బుతుంది. పక్కనున్న నరాలను నొక్కుతుంది. కంటి రెప్పను ఎత్తే నరాన్ని నొక్కితే రెప్ప వాలుతుంది.

అయిదవది అన్నిటికన్నా ప్రమాదం. గడ్డ పట్టని చోట గోడ పగలవచ్చు. లోపలి ఒత్తిడి ఒకటే అయినా, బుడగ ఎంత పెద్దదైతే గోడ మీద లాగుడు అంత ఎక్కువ. గడ్డ ఉన్నంత మాత్రాన పగలదని హామీ లేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి తెచ్చిన ఫిలిముల దగ్గరకు వద్దాం. ఇక్కడ మనం మోసపోయే చోటు ఒకటి ఉంది.

తలలో నెత్తురు గొట్టాలను బతికున్న మనిషిలో మొట్టమొదట బొమ్మ పట్టినవాడు ఎగాస్ మోనిజ్. పోర్చుగల్ దేశపు వైద్యుడు. 1927లో లిస్బన్ నగరంలో ఆయన మెడ ధమనిలోకి ఒక మందు ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. ఆ మందు గుండా ఎక్స్ కిరణాలు సరిగా పోవు. కనుక మందు పోయినంత మేరా ధమనుల రూపం ఫిలిము మీద పడింది. చెట్టు కొమ్మలలాగా మెదడు ధమనులన్నీ కనిపించాయి. దీన్ని యాంజియోగ్రాం అంటారు. నేటికీ ఈ పద్ధతి ఉంది.

కాని ఆలోచించండి. మందు ఎక్కడికి పోతుంది? నెత్తురు పారే చోటికే పోతుంది. గడ్డలోకి పోదు. కాబట్టి యాంజియోగ్రాంలో మనకు కనిపించేది బుడగలో ఇంకా నెత్తురు పారుతున్న భాగం మాత్రమే. గడ్డకట్టిన భాగం కనిపించదు! ఉసిరికాయంత బుడగలో దాదాపు అంతా గడ్డకడితే, బొమ్మలో బఠాణీ గింజో, శనగ గింజో కనిపిస్తుంది. చూసినవాడు "అబ్బ, బుడగ చిన్నదయిపోయింది" అని సంతోషిస్తాడు. అసలు బుడగ అలాగే ఉంటుంది. పెరిగి కూడా ఉండవచ్చు.

ఎత్తు గుట్ట మీద నుంచి మడుగును చూస్తే నీళ్ళు మెరిసే చోటే కనిపిస్తుంది. ఒండు నిండిన చోటు నేలలాగే ఉంటుంది. మడుగు అసలు ఎంత ఉందో తెలియాలంటే దిగిపోయి గట్టు చుట్టూ నడవాలి. అందుకే డాక్టర్లు యాంజియోగ్రాంతో సరిపెట్టుకోరు. గడ్డనూ గోడనూ కూడా చూపించే ఎం.ఆర్.ఐ. బొమ్మలు తీస్తారు. పాత బొమ్మను పక్కన పెట్టుకుని కొత్త బొమ్మను కొలుస్తారు. కొన్ని నెలలకు మళ్ళీ రమ్మంటారు. ఒక్క బొమ్మ చూసి బుడగ నడవడి చెప్పటం కష్టం. రెండు మూడు బొమ్మలు కలిపి చూస్తేనే తెలుస్తుంది. తేదీ వేసి పంపటంలో అర్థం ఇదీ!

అయితే గడ్డకట్టడం వట్టి చెడ్డదేనా? కాదు. డాక్టర్లు ప్రకృతి చేసిన ఈ పనిని చూసి, దాన్ని తామే జాగ్రత్తగా చేయటం నేర్చుకున్నారు.

మొదట్లో కపాలం తెరిచి బుడగ మెడను బిగించేవారు. 1937లో అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ బుడగ మెడకు చిన్న వెండి క్లిప్పు వేశాడు. మడుగు నోటికి కట్ట వేసినట్టన్నమాట. క్లిప్పులు మెరుగై ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. మన దేశంలో మొదటి నరాల వైద్య విభాగాన్ని డాక్టరు జేకబ్ చాందీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మొదలుపెట్టారు. మన చిత్తూరు సీమవాళ్ళకు తలకు సంబంధించిన జబ్బు అంటే వేలూరు గుర్తుకు రావటం అప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రిలో మెదడు శస్త్రచికిత్స విభాగం ఉంది.

తరువాత ఇటలీ వైద్యుడు గిడో గుల్యెల్మి ఇంకొక దారి పట్టాడు. ఆయన అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో పనిచేస్తూ 1990లో ఒక రోగికి ఈ చికిత్స మొదటిసారి చేశాడు. కపాలం తెరవలేదు. తొడ దగ్గర ధమనిలోకి సన్నని గొట్టం పెట్టి, దాన్ని మెల్లగా తల దాకా పోనిచ్చాడు. దాని గుండా వెంట్రుక వంటి ప్లాటినం తీగచుట్టలను బుడగలోకి పంపి నింపాడు. కొద్దిపాటి విద్యుత్తుతో తీగచుట్టను కోరిన చోట విడిపించాడు. తీగల మధ్య నెత్తురు నడక ఆగి గడ్డకడుతుంది. మడుగులో కంప వేసి ఒండు నిలబెట్టినట్టు!

అతి పెద్ద బుడగలకూ, మెడ వెడల్పైనవాటికీ తీగచుట్టలు ఒక్కటే చాలేవి కావు. వాటి కోసం ఇంకొక ఉపాయం వచ్చింది. సన్నని లోహపు తీగలతో అల్లిన జల్లెడ గొట్టాన్ని, బుడగ నోటికి అడ్డంగా అసలు ధమనిలోనే పెడతారు. నెత్తురు ఆ గొట్టం గుండా తిన్నగా పోతుంది. బుడగలోకి పోయేది తగ్గిపోతుంది. కొన్ని నెలల్లో బుడగ గడ్డకట్టి, గొట్టం మీద కొత్త పొర పెరిగి నోరు మూసుకుంటుంది. అమెరికాలో 2011లో దీనికి అనుమతి వచ్చింది. ఇప్పుడు మన దేశంలోనూ వాడుతున్నారు. ఇది పెట్టిన రోగికి కొన్నాళ్ళు నెత్తురు గడ్డకట్టనివ్వని మాత్రలు ఇస్తారు. బుడగలో గడ్డ కావాలి, ధమనిలో గడ్డ కారాదు. రెండూ ఒకేసారి సాధించాలి. అందుకని డాక్టరు చెప్పకుండా ఆ మాత్రలు మానరాదు. తలలో బుడగ ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా అలాంటి మాత్రలు వేసుకోనూ రాదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. గడ్డ మంచిదా, చెడ్డదా? ఎక్కడ కట్టింది, ఎంత కట్టింది, నోరు పూర్తిగా మూసుకుందా లేదా, బుడగ పెరుగుతున్నదా ఆగిందా, ఇవన్నీ తెలిస్తేనే చెప్పగలం. తెలుసుకోవటానికి ఆసుపత్రికి పోవాలి. "తనంతట తాను నయమవుతుంది" అన్నది కొందరి విషయంలో నిజమే. కాని నయమయిందో లేదో ఇంట్లో కూర్చుని తెలుసుకోలేం.

ఆ అమ్మాయి ఇంటికి పోయి పెరట్లో మట్టితో కాలవా మడుగూ చేసి అవ్వకు చూపించిందట. అవ్వ పుట్టినప్పటి నుంచీ స్వర్ణముఖిని చూసిన మనిషి. ఇట్టే అర్థం చేసుకున్నది. తేదీ నాటికి తిరుపతి పోయి వచ్చారు. మొన్న నేను పలకరించటానికి పోతే అవ్వే చెప్పింది.

"అయ్యోరా, నీళ్ళుండే చోటు తగ్గిందంట గానీ, గుంత మాత్రం ముందరికంటే పెద్దదయినాదంట. నేను చూస్తే నాకేం తెలస్తాది? గొట్టం పెట్టాలన్నారు. పోతాను" అన్నది.

"మంచిది అక్కా" అన్నాను. చికిత్స ఇంకా జరగవలసి ఉంది. అయిన తరువాత అవ్వ ఎలా ఉన్నదో మీకు రాస్తాను.

పిల్లలూ, ఒక్క మాట కంఠస్థం చేయండి. మామూలు తలనొప్పులకు ఈ బుడగతో సంబంధం లేదు. ఎండలో ఆడినా, నిద్ర చాలకపోయినా తల నొస్తుంది. కాని ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి, పిడుగు పడ్డట్టు, పుట్టి ఎరగనంత తలనొప్పి వస్తే, దానితో వాంతులో, మెడ పట్టేయటమో, స్పృహ తప్పటమో ఉంటే, అది బుడగ పగిలిన గుర్తు కావచ్చు. ఉన్నట్టుండి రెప్ప వాలినా, మూతి వంకరపోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా అంతే. తైలం రాస్తూ, దిష్టి తీస్తూ, తెల్లవారనీ అని కూర్చోకండి. వెంటనే 108కి ఫోను చేయండి. ఆ పని చేయటానికి పెద్దవాళ్ళే కానక్కరలేదు. మీరూ చేయవచ్చు.

చేసి చూడండి

వెడల్పాటి పళ్ళెంలో బంకమట్టి పరవండి. ఒక కొస కింద పలక ముక్క పెట్టి కొంచెం ఏటవాలు చేయండి. వేలి వెడల్పున ఒక కాలవ తీయండి. కాలవకు ఒక పక్క పెద్ద గుంత తవ్వి, దానికి ఇరుకు నోరు ఉంచండి. ఇంకొక పక్క చిన్న గుంత తవ్వి, దానికి వెడల్పు నోరు ఉంచండి. ఇప్పుడు చెంబుతో సన్నని ధారగా నీళ్ళు పోస్తూ, అందులో కొంచెం వరి పొట్టు వేయండి. పొట్టు కాలవలో ఎలా పోతుంది? ఏ గుంతలో సుడి తిరుగుతూ ఎక్కువసేపు నిలుస్తుంది? తరువాత ఎర్రమట్టి కలిపిన నీళ్ళు పోయండి. అరగంట ఆగి ఏ గుంతలో ఎక్కువ మట్టి పేరుకున్నదో చూడండి. ఇది ఇంటి పెరట్లో చేయవలసిన పని. ఏటి దగ్గరకు పోకండి సుమా!

ఈ నెల ప్రశ్న: అడ్డుకొలత 4 మిల్లీమీటర్లున్న గుండ్రటి బుడగ 12 మిల్లీమీటర్లకు పెరిగితే లోపలి చోటు ఎన్ని ఇంతలవుతుంది? లెక్క చేసి, జవాబుతోపాటు మీ పళ్ళెంలో ఏం చూశారో కూడా నాకు రాయండి.